ఎండ కాస్తే... కప్పు కాస్తుంది!

వాన పడితే తడవకుండా, ఎండ కాస్తే మాడకుండా చూడటమే ఇంటికప్పు పని. జర్మనీలోని ఫ్రైబర్గ్ నగరంలో ఓ కాలనీ కప్పులకి మాత్రం దాంతోపాటు ఇంకో కొలువు కూడా ఉంది. పొద్దున ఎండపొడ తగిలింది మొదలు సాయంత్రం దాకా అవి కరెంటు తయారుచేస్తాయి. ఇంట్లోవాళ్లు వాడుకోగా మిగిలింది ఊరికి అమ్ముతాయి. ఈ వింత వెనక ద్రాక్షతోటల రైతుల పోరాటం ఉంది. మన పెంకుటిళ్లతో చుట్టరికమూ ఉంది!

ఫ్రైబర్గ్‌కి కొత్తగా వచ్చినవాళ్లు నేలచూపులు చూస్తూ నడుస్తారు. సిగ్గుతో కాదు, భయంతో! పాతబస్తీలో రాళ్లు పరిచిన వీధుల పక్కన చిన్నచిన్న కాలువలు గలగలా పారుతుంటాయి. అక్కడివాళ్లు వాటిని బెష్లె అంటారు. ఎక్కడైనా నిప్పంటుకుంటే ఆర్పడానికీ, పశువుల దాహం తీర్చడానికీ వందల ఏళ్ల కిందట డ్రైజామ్ నది నుంచి తెచ్చుకున్న నీళ్లవి. చూసుకోకుండా అందులో కాలు వేసినవాళ్లు ఆ ఊరి అమ్మాయినో అబ్బాయినో పెళ్లి చేసుకోక తప్పదని ఓ సరదా నమ్మకం. వేసవి వస్తే పిల్లలు చిట్టి చెక్కపడవలకి తాడు కట్టి ఆ కాలువల్లో లాక్కుంటూ పరుగులు తీస్తారు.

అక్కడ ట్రామెక్కి దక్షిణంగా ఓ పావుగంట వెళ్తే మాత్రం చూపు నేల మీది నుంచి పైకి తిప్పుకోవాల్సిందే. వరసలు వరసలుగా చెక్క ఇళ్లు. ఒకటి పసుపు, ఒకటి ఎరుపు, ఒకటి నీలం, ఒకటి ఆకుపచ్చ... పిల్లలు రంగుపెన్సిళ్లతో వేసిన బొమ్మలా ఉంటుంది. కానీ ఆ ఇళ్ల పైన పెంకు కనిపించదు, రేకు కనిపించదు. వాలుగా పరుచుకుని మెరిసే గాజుపలకలే కప్పంతా. అదే ష్లీర్‌బెర్గ్ సోలార్ కాలనీ. స్థానిక ఆర్కిటెక్ట్ రోల్ఫ్ డిష్ దీని రూపకర్త. 2000 నుంచి 2006 మధ్య కట్టారు. మొత్తం 59 ఇళ్లు. వీటిలో 50 వరస ఇళ్లయితే, మిగిలిన తొమ్మిదీ పెద్దరోడ్డు వారగా ఓడలా పొడుగ్గా ఉన్న భవనం నెత్తిన ఉంటాయి. కింద దుకాణాలు, ఆఫీసులు, వాటి పైన ఇళ్లు. ఆ భవనం పేరే ‘సూర్యనౌక’.

ఇళ్లన్నీ దక్షిణం వైపు ముఖం పెట్టుకుని ఉంటాయి. వాస్తు కోసం కాదు! భూమధ్యరేఖకి అంత ఉత్తరాన ఉన్న ఊళ్లో సూర్యుడు ఏడాది పొడవునా మధ్యాహ్నం దక్షిణం దిక్కునే కనిపిస్తాడు. అందుకే ఆ వైపు నిలువెత్తు అద్దాల కిటికీలు, వాటి మీదకి బాగా ముందుకు చొచ్చుకొచ్చిన చూరు. వేసవిలో సూర్యుడు నడినెత్తికి దగ్గరగా వస్తాడు కాబట్టి చూరు నీడ గదిలోకి ఎండ రానివ్వదు. చలికాలంలో సూర్యుడు కిందుగా నడుస్తాడు కాబట్టి అదే చూరు కింద నుంచి ఎండ నేరుగా లోపలికొచ్చి గది వెచ్చబెడుతుంది. వసారా దింపుకుని ఇల్లు కట్టుకున్న మన తాతలకి ఈ లెక్క ఎవరూ చెప్పక్కర్లేదు. కిటికీలకి మూడు పొరల గాజు, గోడలకి వేడి బయటికి పోనివ్వని దట్టమైన పొర... ఇల్లు మొత్తం ఓ ఫ్లాస్కు.

కప్పులన్నీ కలిపి సామర్థ్యం దాదాపు 445 కిలోవాట్లు. ఏడాదికి వచ్చే కరెంటు దాదాపు 4 లక్షల 20 వేల యూనిట్లు. ఇంటికింతని పంచితే ఏడువేల పైచిలుకు. నెలకి రెండొందల యూనిట్లు కాల్చే మన మధ్యతరగతి ఇల్లు ఏడాదంతా వాడేది 2,400 యూనిట్లేనని గుర్తుతెచ్చుకుంటే అదెంతో అర్థమవుతుంది. ఏడాది లెక్క చూస్తే ఈ ఇళ్లు వాడేదానికన్నా తయారుచేసేదే ఎక్కువ. అందుకే డిష్ వీటికి ‘ప్లస్ ఎనర్జీ ఇళ్లు’ అని పేరు పెట్టుకున్నాడు.

పోనీ అదేమన్నా రామగుండంలా, రెంటచింతలలా ఎండలు మండిపోయే ఊరా అంటే అదీ కాదు. జర్మనీలో బాగా ఎండకాసే నగరాల్లో ఒకటని పేరే గానీ, ఏడాది మొత్తమ్మీద అక్కడ ఎండ కాసేది 1,800 గంటలకి కాస్త అటూ ఇటూ. చలికాలంలో మబ్బు, మంచు, పొగమంచు. మరి అలాంటి ఊరికి ఎండ మీద ఇంత మోజెందుకు?

దీపాలు ఆరిపోతాయన్నారు

ఆ కథ ఫ్రైబర్గ్‌లో కాదు, అక్కడికి పాతిక ముప్ఫై కిలోమీటర్ల దూరంలో రైన్ నది ఒడ్డున ఉన్న వీల్ అనే పల్లెలో మొదలైంది. పక్కనే కైజర్‌ష్టూల్ కొండలు. ఎప్పుడో చల్లారిన అగ్నిపర్వతం మట్టి కావడంతో ద్రాక్ష విరగకాస్తుంది. 1973లో అక్కడ అణువిద్యుత్ కేంద్రం కట్టాలని ప్రభుత్వం తలపెట్టింది. రైతులు ఉలిక్కిపడ్డారు. నిజం చెప్పాలంటే వాళ్లని మొదట భయపెట్టింది అణుధార్మికత కాదు, ఆవిరి! కేంద్రాన్ని చల్లబరిచే గోపురాల నుంచి లేచే ఆవిరి మబ్బులా కమ్మేస్తే తోటల మీద ఎండ పడదు. ఎండ లేకపోతే ద్రాక్షకి తీపి రాదు. అలా ఎండ కోసమే పుట్టిన పోరాటమది.

1975 ఫిబ్రవరి 18న చుట్టుపక్కల ఊళ్లవాళ్లు అడవిలోకి వెళ్లి యంత్రాలకి అడ్డంగా కూర్చున్నారు. రెండు రోజుల తరవాత పోలీసులు నీళ్లఫిరంగులతో వచ్చి ఖాళీ చేయించారు. ఫిబ్రవరి 23 ఆదివారం. ఈసారి వచ్చింది వందలు కాదు, దాదాపు 28 వేల మంది! రైతులు, గృహిణులు, ఫ్రైబర్గ్ విశ్వవిద్యాలయం విద్యార్థులు, నది దాటి వచ్చిన ఫ్రాన్సు పల్లెల జనం. ముళ్లకంచె దాటి స్థలాన్ని మళ్లీ ఆక్రమించుకున్నారు. నెలల తరబడి అక్కడే ఉన్నారు. దుంగలతో ఓ పెద్ద పాక వేసుకున్నారు. ఆడవాళ్లు వంతులేసుకుని కాపలా కాశారు. పొద్దంతా తోటలో పని చేసుకొచ్చిన రైతులు సాయంత్రాలు ఆ పాకలో పాఠాలు వినేవాళ్లు. అణువంటే ఏమిటి, కరెంటు ఎలా పుడుతుంది, ఎండ నుంచి తీయొచ్చా లేదా... ‘వీల్ అడవి ప్రజా పాఠశాల’ అని దానికి పేరు.

ఆ రోజుల్లో ఆ రాష్ట్ర ముఖ్యమంత్రి హాన్స్ ఫిల్‌బింగర్. వీల్ కేంద్రం కట్టకపోతే ఈ దశాబ్దం చివరికల్లా దీపాలు ఆరిపోవడం మొదలవుతుందని ఆయన హెచ్చరించాడు. ఆ మాట జర్మనీలో నేటికీ సామెతలా వాడుకలో ఉంది. కోర్టుల్లో కేసులు ఏళ్లపాటు నడిచాయి. ఓసారి ఇటు, ఓసారి అటు. చివరికి కేంద్రం కట్టనేలేదు. ఆ అడవి ఇప్పుడు రక్షిత ప్రాంతం. ‘వద్దన్నాం కదా!’ అని స్థానిక యాసలో చెక్కిన బండరాయి ఒకటి అక్కడ ఉంది.

వద్దనడం తేలికే. ‘సరే, మరి కరెంటు ఎక్కణ్నుంచి తెస్తారు?’ అన్న ప్రశ్న మాత్రం అక్కడే ఉండిపోయింది. వీల్ జనాన్ని మెచ్చుకోవాల్సింది ఇక్కడే. వాళ్లు ఆ ప్రశ్నని దాటవేయలేదు. 1976లోనే పక్క ఊరు జాస్బాఖ్‌లో సౌరశక్తి ప్రదర్శన పెట్టారు. షెడ్డులో వెల్డింగు చేసుకున్న నీళ్ల హీటర్లు, సొంతంగా బిగించుకున్న పరికరాలు... చూసి నవ్వినవాళ్లు నవ్వారు. మరుసటి ఏడాది ఫ్రైబర్గ్‌లో పర్యావరణ పరిశోధనల కోసం ఓకో ఇన్‌స్టిట్యూట్ పుట్టింది. ఉద్యమకారుల తరఫున లెక్కలు కట్టే పండితులు ఉండాలన్నది దాని ఉద్దేశం.

1981లో అడాల్ఫ్ గోట్స్‌బెర్గర్ అనే భౌతిక శాస్త్రవేత్త ఇదే ఊళ్లో ఫ్రౌన్‌హోఫర్ సౌరశక్తి పరిశోధన సంస్థని స్థాపించాడు. ట్రాన్సిస్టర్ సృష్టికర్తల్లో ఒకరైన విలియం షాక్లీ దగ్గర అమెరికాలో పనిచేసి వచ్చిన మనిషాయన. ఆనాటికి సోలార్ సెల్ అంటే ఉపగ్రహాలకి తప్ప ఇళ్లకి అందని ఖరీదు. ఇరవై మందితో మొదలైన ఆ సంస్థ, యూరప్‌లోకెల్లా పెద్ద సౌర పరిశోధన కేంద్రమైంది. పలకల్ని ఎత్తుగా బిగించి కింద బంగాళాదుంపలు పండించుకోవచ్చని గోట్స్‌బెర్గర్ అప్పట్లోనే రాశాడు. లోకం ఆ మాట చెవికెక్కించుకోవడానికి ముప్ఫై ఏళ్లు పట్టింది!

1986లో చెర్నోబిల్ పేలుడు. ఆ ధూళి గాలికి కొట్టుకొచ్చి దక్షిణ జర్మనీలో వానతో కలిసి కురిసింది. పాలు పోయాలంటే భయం, ఆకుకూర కోయాలంటే భయం, పిల్లల్ని ఇసకలో ఆడుకోనివ్వాలంటే భయం. ఆ తరవాత ఫ్రైబర్గ్‌లో ‘సోలార్ పిచ్చి’ అని నవ్వేవాళ్లు బాగా తగ్గారు. 1992లో ఫ్రౌన్‌హోఫర్ సంస్థ కరెంటు తీగే లేని ఇంటిని కట్టి చూపించింది. వేసవిలో మిగిలిన కరెంటుతో నీటిని విడగొట్టి హైడ్రోజన్ దాచుకుని, చలికాలంలో దాన్ని వాడుకునే ఇల్లది. అందులో ఓ కుటుంబం కాపురం కూడా చేసింది. సాధ్యమేనని తేలింది. ఖర్చు మాత్రం కళ్లు తిరిగేంత!

ఇక రోల్ఫ్ డిష్. చెక్కపనీ, తాపీపనీ నేర్చుకుని, తరవాత ఆర్కిటెక్ట్ అయినవాడు. వీల్ ఉద్యమంలో తిరిగినవాడు. 1994లో ష్లీర్‌బెర్గ్ వాలు మీద తనకోసం ఓ ఇల్లు కట్టుకున్నాడు. మధ్యలో 14 మీటర్ల నిలువు స్తంభం, దాని చుట్టూ గుండ్రటి చెక్క ఇల్లు. ఆ ఇల్లు మొత్తంగా సూర్యుణ్ని బట్టి తిరుగుతుంది! నెత్తిన ఉన్న 6.6 కిలోవాట్ల సోలార్ పలక విడిగా మరో మోటారుతో తిరుగుతుంది. ఇంటి పేరు హెలియోట్రోప్. గ్రీకులో ఆ మాటకి అర్థం మన పొద్దుతిరుగుడే. చూడ్డానికి జనం వస్తూనే ఉంటారు గానీ, అందరూ తిరిగే ఇళ్లు కట్టుకోలేరు కదా. అందుకే అదే వాలు దిగువన, కదలని మామూలు ఇళ్లతో ఆ పని చేయించాలనుకున్నాడు డిష్. అలా వచ్చిందే రంగురంగుల సోలార్ కాలనీ.

కండక్టర్ చేసే పనే!

ఇంతకీ ఎండ పడితే గాజుపలకలో కరెంటు ఎలా పుడుతుంది? పలకలో నల్లగా, నీలంగా కనిపించే బిళ్లల్ని సెల్స్ అంటారు. ఇసకలో దొరికే సిలికాన్‌ని బాగా శుద్ధిచేసి, పల్చగా కోసి చేసినవవి. ఒక్కో బిళ్లలో రెండు పొరలు. పై పొరలో చిటికెడు ఫాస్ఫరస్, కింది పొరలో చిటికెడు బోరాన్ కలుపుతారు. ఈ రెండూ కలిసేచోట సన్నటి సరిహద్దు ఏర్పడుతుంది. వెలుగు వచ్చి తగలగానే సిలికాన్‌లోని ఎలక్ట్రాన్లు ఊడి లేస్తాయి. ఊరికే వదిలేస్తే ఎక్కడివక్కడ మళ్లీ కూలబడతాయి. ఆ సరిహద్దు వాటిని ఊరుకోనివ్వదు. కిక్కిరిసిన ఆర్టీసీ బస్సులో ‘ముందుకి జరగండి... జరగండి’ అని కండక్టర్ తోస్తాడే, అలా అన్నిటినీ ఒకే వైపుకి తోస్తుంది. ఒకే వైపుకి నడిచే ఎలక్ట్రాన్ల గుంపే కరెంటు. అరిగే చక్రం లేదు, కాలే బొగ్గు లేదు, చప్పుడు లేదు. 1954లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పనికొచ్చే మొదటి సిలికాన్ సెల్‌ని చూపించింది. సూత్రం నేటికీ అదే.

ఒక్క బిళ్ల ఇచ్చేది అర వోల్టుకి కాస్త ఎక్కువ. టార్చిలైటు బ్యాటరీలో సగం కూడా కాదు. అందుకే పదుల బిళ్లల్ని వరసగా కలిపి ఓ పలక, పలకల్ని కలిపి ఓ కప్పు. అక్కణ్నుంచి వచ్చేది బ్యాటరీలో ఉండేలాంటి డీసీ కరెంటు. మన ఫ్యానుకీ ఫ్రిజ్‌కీ కావాల్సింది ఏసీ. ఆ మార్పిడి చేసే పెట్టె ఇన్వర్టర్. దాని తరవాత మీటరు, ఆ తరవాత వీధి తీగ.

రెండు శత్రువులున్నాయి. ఒకటి నీడ. బిళ్లలన్నీ ఒకే వరసలో ఉంటాయి కాబట్టి ఒకదాని మీద కొమ్మ నీడ పడినా, నీళ్ల గొట్టాన్ని ఒకచోట తొక్కిపట్టినట్టు వరసంతా మందగిస్తుంది. నీడపడ్డ బిళ్లల్ని తప్పించి పక్కదారి పట్టించే డయోడ్లు ఉంటాయి గానీ నష్టం నష్టమే. రెండో శత్రువు... ఎండే! వెలుగు కావాలి, వేడి పనికిరాదు. పలక వేడి 25 డిగ్రీలు దాటాక పెరిగే ఒక్కో డిగ్రీకి ఉత్పత్తి నూటికి 0.3 నుంచి 0.5 వంతు దాకా పడిపోతుంది. అందుకే పలక వెనక గాలాడాలి. మన రోహిణికార్తె ఎండలో నిప్పులా కాలే పలకకన్నా చల్లగాలి వీచే జనవరి ఎండలో పలక హుషారుగా పనిచేస్తుంది.

సోలార్ పెంకుల దగ్గర చిక్కొచ్చి పడేది ఇక్కడే. పెంకు లోపలే సెల్ పెడితే ఇల్లు చూడముచ్చటగా ఉంటుంది. పాత కట్టడాల అందం చెడకుండా ఉండాలంటే అదే మార్గం. ఇటలీలోని ప్రాచీన నగరం పాంపేలో కొన్ని కట్టడాలకి అలాంటివే వాడారు. చూపులకి అచ్చం ఎర్రమట్టి పెంకులు, లోపల సెల్స్. అమెరికా కంపెనీ టెస్లా 2016లో సోలార్ పెంకుల్ని ఆర్భాటంగా చూపించింది. కానీ పెంకు చిన్నది. ఒక కప్పుకి వందల పెంకులు, వందల కలుపులు. ఏ కలుపు వదులైనా వెతుక్కోవాలి. పైగా కప్పుకి అతుక్కుని ఉంటే వెనక గాలాడదు. ఖర్చూ ఎక్కువే. ష్లీర్‌బెర్గ్‌లో డిష్ తెలివి ఏమిటంటే, పెంకుని సోలార్ చేయడం మాని, పెద్ద పలకల్నే పెంకుల్లా పరిచేశాడు. పెంకులకయ్యే ఖర్చు ఎలాగూ తప్పనిదే కదా, దాన్నే పలకలకి పెడితే పోలా!

మన పెంకు పుట్టిల్లు అక్కడే

పెంకుల మాట వచ్చింది కాబట్టి ఓ చిన్న సంగతి. మన ఊళ్లలో గూనపెంకు తరవాత వచ్చింది బంగళా పెంకు. ఒకదానికొకటి గాడిలో ఇమిడిపోయి, గాలివానకి కదలకుండా ఉండేది. దాన్నే మంగుళూరు పెంకు అనీ అంటారు. 1860ల్లో మంగుళూరులో ఆ పెంకుల పరిశ్రమకి ప్రాణం పోసింది బాసెల్ మిషన్. ఆ బాసెల్ నగరం ఫ్రైబర్గ్‌కి దక్షిణంగా, రైలెక్కితే గంట లోపు ప్రయాణం. ఇంకాస్త వెనక్కి వెళ్తే, ఇలా గాడిలో ఇమిడే పెంకుని 1841లో కనిపెట్టిన జిలార్డోనీ సోదరులది రైన్ నదికి అవతల ఉన్న ఆల్ట్‌కిర్ష్ పట్నం. అంటే, కోస్తా పల్లెల్లో మన అమ్మమ్మల ఇళ్లని కప్పిన పెంకు పుట్టిల్లూ, పెంకే అక్కర్లేదన్న ఈ కాలనీ ఇరుగుపొరుగేనన్నమాట!

పాలకేంద్రం లెక్క

కరెంటు పుట్టించడం సరే, ఇంత ఖరీదైన కప్పు కొనడానికి మామూలు ఉద్యోగులకి ధైర్యం ఎలా వచ్చింది? 2000 ఏప్రిల్ 1న జర్మనీలో అమల్లోకి వచ్చిన ఓ చట్టం వల్ల. ఇంట్లో పాడి ఉన్నవాళ్లు వాడుకోగా మిగిలిన పాలు కేంద్రానికి పోసినట్టు, కప్పు మీది కరెంటుని వీధి తీగలోకి పోయొచ్చు. పోసిన ప్రతి యూనిట్‌కీ అప్పటి నాణెంలో 99 ఫెనిగ్‌లు, అంటే యాభై యూరో సెంట్లు ఇస్తామంది చట్టం. ఇంట్లో వాడుకునే కరెంటు ధరకి అది మూడు రెట్ల పైనే! అదీ ఏడాదో రెండేళ్లో కాదు, ఇరవై ఏళ్లు. ఆ కాగితం చూసి బ్యాంకులు అప్పులిచ్చాయి. జర్మనీ అంతటా కప్పులు మెరవడం మొదలైంది. గిరాకీ చూసి ఫ్యాక్టరీలు వెలిశాయి. తరవాత చైనా రంగంలోకి దిగింది. పలక ధర పదో వంతు కన్నా కిందికి దిగిపోయింది. ఈ రోజు మన డాబా మీద బిగించే పలక మనకి అందే ధరలో ఉందంటే, అందులో ఆ జర్మన్ ఇళ్లవాళ్లు తొలినాళ్లలో భరించిన ఖరీదు కూడా కొంత ఉంది.

అయితే ఆ డబ్బు ఆకాశం నుంచి రాలలేదు. ప్రతి ఇంటి కరెంటు బిల్లులో అదనపు రుసుం కింద వసూలు చేశారు. 2017 నాటికి అది యూనిట్‌కి 6.88 సెంట్లకి చేరింది. సొంత కప్పు ఉన్నవాళ్లకి ఆదాయం, అద్దె వాటాలో ఉన్న ముసలావిడకి భారం! జర్మనీలో అద్దె ఇళ్లలో ఉండేవాళ్లే సగానికి పైగా. సౌరవిద్యుత్తుని సమర్థించేవాళ్లు ఈ మాటని తేలిగ్గా తీసెయ్యడం న్యాయం కాదు. ఆ రుసుంని 2022 జులై 1 నుంచి ఎత్తేశారు. తొలి కప్పులకి ఇచ్చిన ఇరవై ఏళ్ల హామీ కూడా 2020 డిసెంబరు 31తో ముగిసింది. ఇప్పుడు వాటి కరెంటుకి దక్కేది బజారు ధరే. అందుకే అమ్మడం తగ్గించి, బ్యాటరీ పెట్టుకుని సొంతానికి వాడుకోవడం మేలని జనం లెక్కలు వేసుకుంటున్నారు. పలకలు మాత్రం ముసలివైనా పనిచేస్తూనే ఉన్నాయి. ఏడాదికేడాది కాస్త కాస్త నీరసిస్తాయే గానీ ఒక్కసారిగా చచ్చిపోవు.

ఇంకో నిజం కూడా చెప్పుకోవాలి. ప్లస్ ఎనర్జీ ఇల్లంటే ఏడాది మొత్తం లెక్కలో ప్లస్. డిసెంబరు రాత్రి ఏడింటికి ష్లీర్‌బెర్గ్‌లో వెలిగే దీపం కప్పు కరెంటుది కాదు. పాడి ఒట్టిపోయిన రోజుల్లో అదే కేంద్రం నుంచి ప్యాకెట్టు కొనుక్కున్నట్టు, వీధి తీగ నుంచి తెచ్చుకున్నది. ఇళ్లు వెచ్చబెట్టే వేణ్నీళ్లు కూడా కాలనీ పక్కనే చెక్కపొట్టుతో నడిచే ఉమ్మడి కేంద్రం నుంచి వస్తాయి. జూన్‌లో పొంగిపొర్లే ఎండని డిసెంబరు దాకా దాచిపెట్టే చవకైన కుండ ఇంకా ఎవరికీ దొరకలేదు.

అయినా ఊరు ఆగలేదు. కాలనీని ఆనుకునే వోబాన్ పేట ఉంది. 1992 దాకా ఫ్రెంచి సైన్యం బ్యారక్‌లు ఉన్న స్థలమది. ఇప్పుడు ఐదువేల మందికి పైగా ఉంటారు. చాలా వీధుల్లో ఇంటి ముందు కారు ఆపడానికి వీల్లేదు. కారు ఉన్నవాళ్లు పేట అంచున ఉన్న గ్యారేజీలో చోటు కొనుక్కోవాలి. ఆ గ్యారేజీ కప్పు మీదా సోలార్ పలకలే! రైల్వేస్టేషన్ పక్కన ఎత్తైన భవనం గోడకీ పలకలు. 2021లో తెరిచిన ఫుట్‌బాల్ స్టేడియం కప్పు మీద దాదాపు 2.4 మెగావాట్లు. రాష్ట్రమంతటా 2022 మే నుంచి కొత్త ఇల్లు కడితే సోలార్ తప్పనిసరి. 2023 జనవరి నుంచి పాత కప్పు విప్పి మళ్లీ వేసినా అంతే. ఫ్రైబర్గ్‌కి కూతవేటు దూరంలో, నదికి అవతల ఫ్రాన్సులో ఉన్న ఫెస్సెన్‌హైమ్ అణుకేంద్రం 2020లో మూతపడింది. 2023 ఏప్రిల్ 15న జర్మనీలోని చివరి మూడు అణుకేంద్రాలూ ఆగిపోయాయి. అది తొందరపాటని వాదించేవాళ్లు ఆ దేశంలోనే బోలెడుమంది ఉన్నారు. దీపాలైతే ఆరిపోలేదు.

మరి మన డాబాలు?

ష్లీర్‌బెర్గ్‌లో కిలోవాట్ పలక ఏడాదికి ఇచ్చేది సుమారు 950 యూనిట్లు. అదే పలక హైదరాబాద్‌లోనో అనంతపురంలోనో 1,400 దాకా ఇస్తుంది. మన దగ్గర చలికాలం కూడా ఎండకి లోటుండదు. నాలుగు వర్షాకాలపు నెలలు ఓపిక పడితే చాలు. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో ఇంటిమీద మూడు కిలోవాట్లు పెట్టుకుంటే కేంద్రం ఇచ్చే సబ్సిడీ 78 వేల రూపాయలు. ఇబ్బందల్లా మన డాబా ఖాళీగా ఉండే చోటు కాదు. వడియాలు పెట్టాలి, మిరపకాయలు ఎండాలి, వేసవి రాత్రి మంచాలు వేసుకోవాలి. నీళ్ల ట్యాంకు నీడ ఒకటి! అందుకే ఎత్తుగా ఇనప చట్రం వేయించి, పైన పలకలు, కింద వడియాలు అనుకునేవాళ్లూ ఉన్నారు. గోట్స్‌బెర్గర్ బంగాళాదుంపల లెక్కే ఇదీ.

కానీ అపార్ట్‌మెంట్లో మూడో అంతస్తు వాళ్ల సంగతో? కప్పు అందరిదీ, అంటే ఎవరిదీ కాదు. లిఫ్టుకీ మోటారుకీ సరిపడా ఉమ్మడిగా పెట్టుకునే సొసైటీలకి అదే పథకం కిలోవాట్‌కి 18 వేలు ఇస్తుంది. విడివిడిగా ఎవరి ఫ్లాటుకి వాళ్లు అనుకుంటే మాత్రం వాటాల పేచీ మొదలు.

కప్పులేని వాళ్ల సమస్య ఫ్రైబర్గ్‌దీ. అక్కడ ఇప్పుడు అద్దె వాటాల బాల్కనీలకి కొత్త అలంకారం వచ్చింది. కటకటాలకి వేలాడదీసిన ఒకటో రెండో పలకలు, పక్కన చిన్న ఇన్వర్టర్, దానికో తీగ. గోడకున్న మామూలు సాకెట్లో ప్లగ్గు పెడితే సరి, ఫ్రిజ్ పగలంతా దాని మీదే తిరుగుతుంది. 800 వాట్ల దాకా ఇలా ఎవరైనా పెట్టుకోవచ్చని జర్మనీలో 2024లో నిబంధనలు సడలించారు. సరైన కారణం లేకుండా ఇంటి ఓనరు కాదనడానికి వీల్లేదని అదే ఏడాది చట్టం కూడా మార్చారు. బాల్కనీల్లో పూలకుండీలు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి, కాకపోతే పలక మీద నీడ పడకుండా కాస్త పక్కకి జరిగాయంతే.